సరిగ్గా 100 మిల్లీసెకన్లు: ఒక టైమ్ సర్వర్ కేస్ స్టడీ

రికార్డింగ్ గదిలో పనిచేసే కుర్రాడు రెండు లాగ్ ఫైళ్లు పక్కపక్కన తెరిచి నన్ను పిలిచాడు. "సార్, ఇది చూడండి. మనం పంపకముందే వాళ్లకు అందిందట."

నిజమే. రికార్డింగ్ కంప్యూటర్ ఒక సందేశాన్ని 10:42:07.318కి పంపినట్టు రాసుకుంది. కంట్రోల్ వైపు కంప్యూటర్ అదే సందేశం 10:42:07.221కి అందినట్టు రాసుకుంది. పంపడానికి 97 మిల్లీసెకన్ల ముందే చేరిందన్నమాట. మా ఒప్పందం ప్రకారం రెండు వైపుల గడియారాల మధ్య తేడా 1 మిల్లీసెకను దాటకూడదు. దానికోసమే రెండు వైపులా జీపీఎస్ రిసీవర్లు, రెండు టైమ్ సర్వర్లు (మిగతా కంప్యూటర్లకు టైమ్ చెప్పే యంత్రాలు) పెట్టాం. రెండూ "సింక్ అయ్యాను" అనే చెబుతున్నాయి. రెండింటి జిట్టర్, అంటే కొలతల్లో ఊగిసలాట, 5 మైక్రోసెకన్ల లోపే. తెర మీద అంతా పచ్చగానే ఉంది.

తప్పు చివరికి నాదేనని తేలింది. అది రెండేళ్లు ఎవరి కంటా పడకుండా ఎలా దాక్కుందో రాయడానికే ఇదంతా.

ఏర్పాటు ఎలా ఉండేది

మొదటి టైమ్ సర్వర్ రెండేళ్ల కిందట నేనే పెట్టాను. సీరియల్ పోర్టు ఉన్న పాత ర్యాక్ సర్వర్, లినక్స్, గడియారాన్ని సరిదిద్దే క్రోనీ అనే ప్రోగ్రామ్, ఒక చిన్న జీపీఎస్ మాడ్యూల్. ఆ మాడ్యూల్ నుంచి రెండు రకాల సమాచారం వస్తుంది. ఒకటి ఎన్ఎంఈఏ వాక్యాలు: తేదీ, గంట, నిమిషం, సెకను అక్షరాల రూపంలో. రెండోది పీపీఎస్: సెకనుకు ఒక్క పల్స్. వాక్యం "ఇప్పుడు ఏ సెకను" అన్నది చెబుతుంది, పల్స్ "ఆ సెకను సరిగ్గా ఎప్పుడు మొదలైంది" అన్నది చెబుతుంది. రెండూ కలిస్తేనే పని.

వాక్యం ఒక్కదాన్నే నమ్ముకుంటే ఎందుకు కుదరదంటే, 9600 బాడ్ వేగం మీద సెకనుకు 960 అక్షరాలే వస్తాయి. ఒక్కో వాక్యం 82 అక్షరాల దాకా ఉండొచ్చు, అంటే ఒక్కటి రావడానికే 85 మిల్లీసెకన్లు. ఉపగ్రహాల జాబితా చెప్పే వాక్యాలు ముందొచ్చి టైమ్ వాక్యం వాటి వెనక వస్తే, ఆకాశంలో ఉపగ్రహాలు పెరిగినప్పుడల్లా అది ఇంకాస్త ఆలస్యమవుతుంది. గడియారం ఉపగ్రహాల సంఖ్యతో పాటు ఊగుతుంది. అందుకే అక్కర్లేని వాక్యాలన్నీ ఆపేసి, తేదీ, టైమ్ చెప్పే ఆర్ఎంసీ వాక్యం ఒక్కటే ఉంచాను. ఇది మాత్రం మొదటినుంచీ సరిగ్గానే చేశాను.

పల్స్‌ను సీరియల్ పోర్టులోని డీసీడీ పిన్నుకు, అంటే తొమ్మిది పిన్నుల కనెక్టర్‌లో ఒకటో పిన్నుకు ఇచ్చాను. ఆ పిన్ను స్థితి మారగానే ఇంటరప్ట్ (ప్రాసెసర్‌కు తక్షణ పిలుపు) వస్తుంది, లినక్స్ లోపలి భాగమైన కెర్నెల్ ఆ క్షణాన్ని నమోదు చేస్తుంది. యూఎస్‌బీ కన్వర్టర్ జోలికి పోలేదు. యూఎస్‌బీలో పరికరం దగ్గర కబురు ఉన్నా కంప్యూటర్ అడిగేదాకా ఆగాలి. ఫుల్ స్పీడ్‌లో ఆ అడగడం మిల్లీసెకనుకోసారి. 1 మిల్లీసెకను ఒప్పందానికి అక్కడే సగం ప్రాణం పోతుంది.

రెండేళ్లపాటు అన్ని కంప్యూటర్లూ ఆ ఒక్క సర్వర్ దగ్గరే టైమ్ తీసుకున్నాయి. ఏ ఫిర్యాదూ లేదు. ఉండదు కూడా, ఎందుకంటే అందరూ ఒకే తప్పు సమయంలో ఉంటే ఒకరితో ఒకరికి తేడా రాదు. ఏడు వారాల కిందట రికార్డింగ్ వైపు కోసం రెండో సర్వర్ వచ్చింది. ఇది చిన్న బోర్డు, పల్స్ నేరుగా బోర్డు మీదే ఉన్న 3.3 వోల్టుల ఇన్‌పుట్ పిన్నులోకి (జీపీఐఓ) వెళ్తుంది. ఆ రోజే రెండింటినీ ఒకదానితో ఒకటి పోల్చి ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది. పోల్చలేదు. రెండూ స్ట్రాటమ్ 1, అంటే మొదటి మెట్టు సర్వర్లు, రెండూ ఆకాశం నుంచే తెచ్చుకుంటున్నాయి, ఇంక పోల్చడానికి ఏముందనుకున్నాను.

లాగ్ నుంచే లెక్క

సాధనాలు తీయకముందే లాగ్‌లోని నాలుగు అంకెలతో ఒక లెక్క వేశాను. సందేశం వెళ్లిన టైమ్, జవాబు అందిన టైమ్ రికార్డింగ్ వైపు ఉన్నాయి. సందేశం అందిన టైమ్, జవాబు పంపిన టైమ్ కంట్రోల్ వైపు ఉన్నాయి. సెకను తర్వాతి మిల్లీసెకన్లు మాత్రం తీసుకుంటే అవి ఇవి: పంపింది 318, అవతల అందింది 221, అవతలి నుంచి జవాబు బయల్దేరింది 240, ఇవతల అందింది 343.

వెళ్లేటప్పుడు తేడా మైనస్ 97. వచ్చేటప్పుడు ప్రయాణం 103 మిల్లీసెకన్లు పట్టినట్టు కనిపిస్తోంది. అవతలి గడియారం ఎంత వెనక ఉందో తెలియాలంటే 221లోంచి 318, 240లోంచి 343 తీసేసి, రెండూ కలిపి సగం చేయాలి: మైనస్ 97, మైనస్ 103 కలిస్తే మైనస్ 200, అందులో సగం మైనస్ 100. రానూపోనూ నిజంగా దారిలో గడిచింది 25లోంచి 19 పోగా 6 మిల్లీసెకన్లు. 1985లో డేవిడ్ మిల్స్ ఎన్‌టీపీని (నెట్‌వర్క్ మీద గడియారాలను కలిపే పద్ధతిని) ఆర్ఎఫ్‌సీ 958 అనే ఇంటర్నెట్ పత్రంగా రాసిన నాటి నుంచి దాని గుండెకాయ ఈ లెక్కే. దానికి ప్రత్యేకంగా సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, కాగితం చాలు.

ఇంకో పది జతలు తీసుకుని వేశాను. 99.9, 100.0, 100.1. అన్నీ 100 చుట్టే.

నన్ను ఆపింది ఆ గుండ్రటి అంకె. నెట్‌వర్క్ ఆలస్యం వల్ల వచ్చే తప్పు 83 అవుతుంది, ఓ గంటకు 91 అవుతుంది, రద్దీ తగ్గితే 40 అవుతుంది. గడియారాన్ని నడిపే స్ఫటికం జారుడైతే రోజురోజుకూ పెరుగుతుంది. వారాల తరబడి 100 దగ్గరే కూర్చున్న తేడా ప్రకృతి చేసింది కాదు. ఎక్కడో ఎవరో రాసిన అంకె అయ్యుండాలి, లేదా ఎవరో తగిలించిన తీగ.

ఎవరిది తప్పు?

రెండు గడియారాలే ఉంటే తేడా తెలుస్తుంది గానీ దోషి తెలియదు. నేను సహజంగానే కొత్తదాన్ని అనుమానించాను. పాతది రెండేళ్లుగా నమ్మకంగా నడుస్తోంది కదా! ఒక రోజంతా కొత్త సర్వర్ మీదే పోయింది. యాంటెన్నా కేబుల్ పొడవు చూశాను: మీటరుకు దాదాపు 5 నానోసెకన్ల చొప్పున 30 మీటర్లకు 150 నానోసెకన్లు. మనకు కావలసిన తప్పుకు అది కొన్ని లక్షల రెట్లు చిన్నది. అయినా టెన్షన్‌లో ఉన్న మనిషి కేబుల్ కొలుస్తాడు.

సాయంత్రానికి బుద్ధి వచ్చి, మూడో గడియారం తెచ్చాను. మాది బయటి ప్రపంచంతో సంబంధం లేని నెట్‌వర్క్. అందుకని ఒక ల్యాప్‌టాప్‌ను బయట మొబైల్ డేటా మీద నాలుగు పబ్లిక్ ఎన్‌టీపీ సర్వర్లతో అరగంటసేపు సింక్ చేసి, డేటా ఆపేసి, నడుచుకుంటూ లోపలికి తెచ్చి కేబుల్ తగిలించాను. మొబైల్ మీద సింక్ అంటే కొన్ని మిల్లీసెకన్ల తప్పు ఉంటుంది, పర్వాలేదు. నడిచిన నాలుగు నిమిషాల్లో స్ఫటికం 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) జారినా 5 మిల్లీసెకన్లే. 100లో దోషిని పట్టడానికి ఆ మాత్రం చాలు.

ల్యాప్‌టాప్ లెక్కలో కొత్త సర్వర్ 4 మిల్లీసెకన్లు ముందుంది, పాతది 96 వెనకుంది. పాతదే తప్పు.

పల్స్‌కు రెండు అంచులు

పాత సర్వర్ మీద పీపీఎస్‌టెస్ట్ నడిపాను. ఈ చిన్న ప్రోగ్రామ్ పల్స్ అంచులు ఎప్పుడెప్పుడు వచ్చాయో చూపిస్తుంది. పిన్ను ఆన్ అయిన అంచును అసర్ట్ అంటారు, ఆఫ్ అయిన అంచును క్లియర్. తెర మీద వరసలు ఇలా దొర్లుతున్నాయి: అసర్ట్ ఎప్పుడూ పాయింట్ 000 దగ్గర, క్లియర్ ఎప్పుడూ పాయింట్ 900 దగ్గర.

ఈ తెరను రెండేళ్ల కిందట కూడా చూశాను. అప్పుడు చూసింది పాయింట్ 000ను మాత్రమే. సున్నాల వరస కనిపించగానే సంతోషించి కిటికీ మూసేశాను. ఆ సున్నాలు గడియారం సరిగ్గా ఉందని చెప్పవు. గడియారాన్ని ఆ అంచుకే కట్టేశాం కాబట్టి అక్కడ సున్నాలే వస్తాయి, ఏ అంచుకు కట్టినా వస్తాయి. చూడాల్సింది రెండో వరసను.

మాడ్యూల్ డేటాషీట్ ప్రకారం పల్స్ వెడల్పు 100 మిల్లీసెకన్లు, సెకను మొదలయ్యేది పల్స్ పైకి లేచే అంచు దగ్గర. అంటే మొదటి అంచు నుంచి రెండో అంచుకు 100, అక్కణ్నుంచి మళ్లీ మొదటి అంచుకు 900. మా తెర మీద అసర్ట్ నుంచి క్లియర్‌కు 900 ఉంది, క్లియర్ నుంచి అసర్ట్‌కు 100 ఉంది. పల్స్ మొదలయ్యేది క్లియర్ దగ్గర, ముగిసేది అసర్ట్ దగ్గర. మేము రెండేళ్లుగా పల్స్ ముగిసే క్షణాన్ని సెకను మొదలుగా తీసుకుంటున్నాం. నిజంగా సెకను దాటి 100 మిల్లీసెకన్లు గడిచాక మా సర్వర్ "ఇప్పుడు సున్నా" అంటోంది. అందుకే సరిగ్గా 100 వెనక.

ఆసిలోస్కోప్ తెచ్చి రెండు ప్రోబ్‌లు పెట్టాం, ఒకటి మాడ్యూల్ కాలు మీద, ఇంకొకటి డీసీడీ పిన్ను మీద. కుర్రాడు తెర చూసి నవ్వాడు. ఒక గీత పైకి లేచిన చోటే రెండో గీత కిందికి దూకుతోంది. "సార్, ఇది తలకిందులుగా ఉంది."

మధ్యలో ఉన్నది లెవెల్ కన్వర్టర్ చిప్. మాడ్యూల్ ఇచ్చే 3.3 వోల్టులను సీరియల్ పోర్టు వాడే ఆర్ఎస్-232 స్థాయికి మార్చడానికి నేనే సోల్డరింగ్ చేసి పెట్టాను. ఈ రకం చిప్‌లు సిగ్నల్‌ను తిరగేస్తాయి: లోపలికి హై వెళ్తే బయటికి నెగటివ్ వోల్టేజి వస్తుంది. అది చిప్ లోపం కాదు, ఆర్ఎస్-232 పద్ధతే అది. డేటా తీగకు ఆ తిరగేయడమే కావాలి, అందుకే ఎన్ఎంఈఏ అక్షరాలు ఒక్కటీ పాడవకుండా వచ్చాయి. అక్షరాలు బాగా వస్తున్నాయి కాబట్టి వైరింగ్ సరిగ్గానే ఉందనుకున్నాను. కానీ డీసీడీ లాంటి కంట్రోల్ పిన్నులకు పాజిటివ్ వోల్టేజి అంటే ఆన్, నెగటివ్ అంటే ఆఫ్. తిరగబడిన పల్స్ అక్కడ మొదలైనప్పుడు ఆఫ్, ముగిసినప్పుడు ఆన్ అవుతుంది.

మరి నేను అసర్ట్ ఎందుకు పెట్టాను? అంతకుముందు చేసిన ఒక పనిలో కన్వర్టర్ లేకుండా మాడ్యూల్ పల్స్‌ను నేరుగా డీసీడీకి ఇచ్చాను. చాలా సీరియల్ పోర్టులు ఆ కాస్త వోల్టేజినీ ఆన్‌గా గుర్తిస్తాయి, సిగ్నల్ తిరగబడదు, అసర్ట్ సరైన అంచు. ఆ కాన్ఫిగరేషన్ ఫైలునే ఇక్కడికి కాపీ చేశాను. ఫైలులో ఒక్క అక్షరం తప్పు లేదు. తీగ మారింది, అంతే.

రెండేళ్ల కిందటే ఎందుకు దొరకలేదు

ఈ భాగమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. పెట్టిన మొదటి వారంలో మాకు బయటి లింకు ఉండేది. మూడు ఇంటర్నెట్ సర్వర్లను కూడా క్రోనీకి ఇచ్చాను. సోర్సుల పట్టికలో ఆ మూడూ మైనస్ 100 చుట్టూ కనిపించాయి. మా గడియారం 100 వెనక ఉందని మూడు గొంతులతో చెప్పాయన్నమాట!

నేను వినలేదు. ఆ లింకు పొడవైనది, రద్దీది, రానూపోనూ 250 మిల్లీసెకన్లు పట్టేది. వెళ్లే దారి, వచ్చే దారి సమానంగా లేకపోతే ఎన్‌టీపీ లెక్క తప్పుతుంది. ఆ తప్పు గరిష్ఠంగా రానూపోనూ సమయంలో సగం దాకా రావచ్చు, అంటే 125. 100 అందులోనే ఉంది. మూడు సర్వర్లూ ఒకే మాట చెబుతున్నా మూడూ అదే ఇరుకు సందులోంచి వస్తున్నాయి కదా అని కొట్టిపడేశాను. నివేదికలో "లింకు అసమానత" అని రాసి సంతకం పెట్టాను.

క్రోనీ కూడా నన్ను హెచ్చరించలేదు. దానికీ అదే కారణం. ఒక్కో సోర్సు చెప్పే మాట చుట్టూ అది ఒక పరిధి గీస్తుంది, ఆలస్యం ఎంత ఎక్కువైతే పరిధి అంత వెడల్పు. ఇంటర్నెట్ సర్వర్ల మైనస్ 100 చుట్టూ ప్లస్సో మైనస్సో 125 గీస్తే మా పీపీఎస్ చెప్పే సున్నా అందులోనే పడుతుంది. పరిధులు కలుస్తున్నాయి కాబట్టి ఎవరూ అబద్ధాలకోరు కాదు. తప్పు సోర్సుకు వేసే ఇంటూ గుర్తు పడలేదు. అన్నిటికన్నా సన్నని పరిధి పీపీఎస్‌ది, ఎంచుకున్న సోర్సుకు వేసే నక్షత్రం గుర్తు దానికి దక్కింది. లింకు బాగుండి రానూపోనూ 20 మిల్లీసెకన్లే అయ్యుంటే ఆ రోజే పీపీఎస్ పక్కన ఇంటూ పడేది.

ఇంకో ఆధారం కూడా చేతిలోంచి జారిపోయింది. ఎన్ఎంఈఏ వాక్యం పల్స్ తర్వాత ఎంత ఆలస్యంగా వస్తుందో కొలిచి సవరణ ఇవ్వాలి. కొలిస్తే 380 వచ్చింది, అదే ఇచ్చాను. నిజానికి అది 480. పీపీఎస్‌తో నడుస్తున్న గడియారంతోనే దానికి తోడుగా వచ్చే వాక్యాన్ని సరిచూశాను, తప్పు రెండింటిలోనూ సమానంగా కలిసిపోయింది.

సరిచేయడం

మార్పు ఒక్క మాట. క్రోనీ ఫైలులో పీపీఎస్ పరికరం పేరు పక్కన "క్లియర్" అని చేర్చాలి, ఎన్ఎంఈఏ సవరణ 480కి మార్చాలి. రాయడానికి అర నిమిషం. అమలు చేయడానికి మాత్రం రాత్రిదాకా ఆగాం.

ఎందుకంటే గడియారం 100 మిల్లీసెకన్లు ముందుకు జరగాలి. ఒక్కసారి గెంతిస్తే ఆ 100 మిల్లీసెకన్లు కంట్రోల్ వైపు లాగుల్లో అసలు ఉండవు. క్రోనీ మామూలుగా ఇంత చిన్న తేడాను గెంతించదు, వేగం పెంచి కలుపుతుంది. కానీ దాని డిఫాల్ట్ గరిష్ఠ వేగం 83,333 పీపీఎం, అంటే పన్నెండో వంతు. అలా వదిలేస్తే ఒకటి రెండు సెకన్లలో పని పూర్తవుతుంది, వెనకున్న క్లయింట్లు మాత్రం తమ సర్వర్‌కు పిచ్చెక్కిందనుకుంటాయి. గరిష్ఠ వేగాన్ని 100 పీపీఎంకు తగ్గించాను. 100 మిల్లీసెకన్లు జరగడానికి 1,000 సెకన్లు, దాదాపు 17 నిమిషాలు. క్లయింట్లు నెమ్మదిగా వెంట నడిచాయి. క్రోనీకి బదులు పాత ఎన్‌టీపీడీ ప్రోగ్రామ్ నడుస్తున్న రెండు యంత్రాలు మాత్రం కుదురుకోవడానికి గంట పైనే తీసుకున్నాయి.

గడియారం వెనక్కి కాకుండా ముందుకు జరగాల్సి రావడం మా అదృష్టం. తప్పు అటువైపు ఉండుంటే ఇంకా జాగ్రత్త పడాల్సి వచ్చేది.

పాత రికార్డుల సంగతి వేరే. తేడా స్థిరంగా ఉంది కాబట్టి కంట్రోల్ వైపు ఉన్న ప్రతి టైమ్‌కూ 100 మిల్లీసెకన్లు కలిపితే సరిపోతుంది. కానీ అసలు ఫైళ్లను ముట్టుకోలేదు. పక్కన సవరించిన టైమ్ కాలమ్ ఒకటి పెట్టి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఎంత కలిపామో రాశాం. ఏడు వారాల ముందటి రికార్డుల్లో అందరూ ఒకే తప్పులో ఉన్నారు, లోపలి పోలికలకు ఇబ్బంది లేదు. అయినా వాటికీ కాలమ్ పెట్టాం, రేపెవరైనా బయటి రికార్డుతో పోల్చవచ్చు.

మధ్యలో వచ్చిన ఇంకో తలనొప్పి

ఆ రాత్రే పాత మాడ్యూల్ పవర్ తీసి పెట్టాల్సి వచ్చింది, దాని బ్యాకప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. లేవగానే అది 2 సెకన్లు ముందున్న టైమ్ చెప్పింది. గుండె జారింది, ఇప్పుడే కదా సరిచేశాం!

ఇది లీప్ సెకన్ల గొడవ: భూమి తిరుగుడుతో కలపడానికి యూటీసీకి, అంటే ప్రపంచ ప్రామాణిక కాలానికి, అప్పుడప్పుడూ చేర్చే సెకన్లు ఇవి. జీపీఎస్ సొంత కాలంలో లీప్ సెకన్లు ఉండవు. 2017 జనవరి నుంచి అది యూటీసీ కన్నా 18 సెకన్లు ముందుంది. ఆ 18 అనే అంకెను ఉపగ్రహాలే ప్రసారం చేస్తాయి, కానీ పూర్తి ప్రసారం ఒక చుట్టు తిరగడానికి 12.5 నిమిషాలు. ఆలోగా రిసీవర్ ఫర్మ్‌వేర్‌లో ఉన్న పాత అంకె వాడుకుంటుంది. మాదాంట్లో 16 ఉంది. పావుగంటలో దానంతట అదే సరైంది. ఇప్పుడు పవర్ వచ్చిన 20 నిమిషాల దాకా ఆ సర్వర్ ఎవరికీ టైమ్ ఇవ్వకుండా కట్టడి చేశాం, బ్యాటరీ కూడా మార్చాం.

ఇప్పుడెలా ఉంది

రెండు సర్వర్లూ ఒకదాన్నొకటి గమనిస్తున్నాయి, టైమ్ మాత్రం తీసుకోవు. క్రోనీలో దానికి నోసెలెక్ట్ అనే మాట ఉంది. తేడా అర మిల్లీసెకను దాటితే అలారం. మూడో సర్వర్ కూడా పెట్టాం, వేరే రకం రిసీవర్‌తో, వేరే రకం కనెక్షన్‌తో, నా పాత ఫైలు కాపీ చేయకుండా. ఒకే చేత్తో ఒకే పద్ధతిలో కట్టిన మూడు సర్వర్లు ఒకటి కిందే లెక్క.

మరుసటి రోజు కుర్రాడు అదే రెండు లాగుల్ని మళ్లీ పక్కపక్కన పెట్టాడు. వెళ్లడానికి 3 మిల్లీసెకన్లు, రావడానికి 3.

ఒకటి మాత్రం మిగిలింది. యాంటెన్నా ఊడిపోతే ఏమవుతుందో చూద్దామని పోయిన వారం పాత సర్వర్ కేబుల్ తీసి ఒక రోజు వదిలేశాం. నాలుగు గంటల్లో 1 మిల్లీసెకను దాటింది, 24 గంటలకు 6. పాత మదర్‌బోర్డు స్ఫటికం అంతకన్నా ఓర్చుకోదు. ఉష్ణోగ్రత స్థిరంగా ఉంచే ఆసిలేటర్ కావాలని రాసి పంపాను. అది వచ్చేదాకా, యాంటెన్నా సిగ్నల్ పోతే రాత్రిపూటైనా సరే నాకు ఫోన్ వచ్చేలా పెట్టుకున్నాను.